అమ్మలా ఉన్న పటం

పాత పటం వెనక అట్ట ఊడదీస్తే ముందు వాసన వస్తుంది. పురుగు పట్టకుండా మైదా జిగురులో కలిపిన మైలుతుత్తం, ఏళ్ళ తరబడి వానలకి చెమ్మ పీల్చి ఎండలకి ఆరిన కాగితం, అద్దం సందుల్లోంచి దూరి లోపలే ఉండిపోయిన సాంబ్రాణి పొగ, కర్పూరం మసి, ఎప్పుడో చచ్చి పొడైపోయిన చెదపురుగులు, అన్నీ కలిసిన వాసన అది. ముక్కుకి ఇంపుగా ఉంటుందని చెప్పలేను గానీ, వారానికి ఒకసారైనా తగలకపోతే నాకు తోచదు. రాజమండ్రిలో మా డాబా మీద గది నిండా ఇలాంటివే ఉన్నాయి. కెమెరా ఫోటోలూ కాదు, చేత్తో వేసిన బొమ్మలూ కాదు. ఒకప్పుడు ఏ రంగుకి ఆ రంగు విడిగా రాతి మీద గీసి, ఒకదాని మీద ఒకటి అద్ది, వేలకి వేలు అచ్చుకొట్టి అమ్మిన కాగితాలు. వాటిని సేకరించడం ఇరవై ఏళ్ళుగా నాకున్న పిచ్చి. మా వారు దాన్ని పిచ్చి అనరు, చెత్త అంటారు.

ఈమధ్య నా చెత్తకి గిరాకీ పెరిగింది. కొత్తగా ఫ్లాట్లు కొనుక్కున్నవాళ్ళు సోఫా వెనక గోడ బోసిగా ఉందని, "ఏదైనా పాతకాలం బొమ్మ ఉంటే ఇవ్వండి మేడమ్" అని వస్తారు. బొమ్మలో ఎవరున్నారని అడిగేవాళ్ళు తక్కువ. సోఫా గుడ్డ రంగు ఫోన్లో చూపించి దానికి నప్పేది ఇమ్మంటారు. నేను విసుక్కోను. ఈ పటాలు పుట్టిందే గోడల కోసం, వాటికి లేని పట్టింపు నాకెందుకు? పడమటి కిటికీకి ఎదురుగా పెట్టకండి, కాగితం అద్దానికి అంటకుండా మధ్యలో అట్ట చట్రం వేయించండి, చుట్టూ ఉన్న తెల్ల అంచు కత్తిరించకండి, అచ్చువేసిన ఊరి పేరు ఆ అంచులోనే ఉంటుంది అని నాలుగు జాగ్రత్తలు చెప్పి, భూతద్దం చేతికిస్తాను. ఇప్పటి నకలైతే రంగు చుక్కలు వరసలు తీరి కనిపిస్తాయి. పాతదైతే ఇసక చల్లినట్టు ఎలా పడితే అలా ఉంటాయి. వాళ్ళు మర్యాదకి ఒకసారి చూసి, మళ్ళీ సోఫా సంగతికి వచ్చేస్తారు.

ఒక్క రకం పటాలు మాత్రం ఎవరూ అడగరు. బొమ్మ మీద నిజం జరీ, చెమ్కీలు, పూసలు కుట్టిన పటాలు. లక్ష్మీదేవి పటం కొనుక్కొచ్చి ఉన్నదున్నట్టు గోడకి తగిలించడం మా కోనసీమ ఆడవాళ్ళలో చాలామందికి మనసొప్పేది కాదు. అమ్మవారు కాగితం చీర కట్టుకోవడమేమిటని, చిరిగిన పట్టుచీర అంచు కత్తిరించి, సన్న సూదితో ఆ కాగితానికే కుట్టి, పూసలతో హారం, చెమ్కీలతో ఒడ్డాణం పెట్టి, అప్పుడు గాని పూజకి పనికొచ్చిందని ఒప్పుకునేవారు కాదు. కొనడానికి వచ్చినవాళ్ళు వాటిని చూసి "అయ్యో, పాడు చేసేశారే" అంటారు. అలా కుట్టిన పటం ఒకటి మా ఇంట్లోనే ఉండేది, కాకపోతే అందులో ఉన్నది అమ్మవారు కాదు.

కొత్తపేటకి నాలుగు మైళ్ళలో, కాలవ గట్టు కింద మా ఊరు. చిన్నతనం అనగానే నాకు ముందు గుర్తొచ్చేది తడి. శ్రావణంలో మొదలైతే దీపావళి దాటేదాకా ఇంటి గోడలు చెమర్చేవి. మడతపెట్టిన బట్టల్లో బూజు వాసన, ఉప్పు జాడీలో నీళ్ళు, వాన వెలిసిన గంట తర్వాత కూడా కొబ్బరి మట్టల మీంచి టప్ టప్ మని రాలే చినుకులు, పెరటి చావిట్లో నానిన కొబ్బరి డొక్కల పులిసిన వాసన. అగ్గిపెట్టెని పొయ్యి పక్కన వెచ్చబెడితే గాని పుల్ల వెలిగేది కాదు. మేం పిల్లలం బయట ఆడుకునే వీల్లేక సావిట్లో అచ్చంగిల్లాలు ఆడుతూ, పనసతొనలు తిని పిక్కలు నిప్పుల్లో పడేసి, అవి ఎప్పుడు పేలతాయా అని చూస్తూ కూర్చునేవాళ్ళం. ఆ నెలల్లో మామ్మ గోడల మీద పటాలన్నీ దించి, పాత పంచెల్లో చుట్టి, అటక మీద ధాన్యం బస్తాల మధ్య పెట్టించేది. ఒక్క పటాన్ని మాత్రం తన మంచం మీదే గోడవైపు ఆనించుకుని పడుకునేది. ఆ పటంలో ఉన్నావిడ మామ్మకి సవతి.

తాతయ్య మొదటి భార్య సీతారత్నం గారు పద్దెనిమిదో ఏట రాజ్యం అత్తయ్యని కని, పురిటి స్నానం కూడా కాకుండానే పోయింది. ముత్తైదువగా పోయింది కాబట్టి ఆవిడ మా ఇంటి పేరంటాలు. ఇంట్లో ఏ శుభకార్యం తలపెట్టినా ముందు ఆవిడ పేరున చీర, పసుపు, కుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకున్నాకే మిగతా పని. ఏడాది తిరక్కుండా తాతయ్య మామ్మని చేసుకున్నాడు. మా నాన్న మామ్మ కొడుకు. రాజ్యం అత్తయ్యని కూడా మామ్మే పెంచింది, కడుపున పుట్టినదాని కంటే ఎక్కువగా చూసిందని ఊళ్ళో ఎవరిని అడిగినా చెప్పేవారు. అయినా అత్తయ్య మామ్మని "పిన్నీ" అనే పిలిచేది. అమ్మ అనే మాట గోడ మీదున్నావిడ కోసం అట్టే పెట్టుకుంది.

ఆ పటం నాకు ఊహ తెలిసేసరికే ఉంది. నిలబడి, భుజం మీంచి వెనక్కి తిరిగి చూస్తున్న మనిషి. పక్కన కిటికీ, కిటికీ మీదకి పాకిన ద్రాక్షతీగ. ఎర్ర పట్టుచీర, ఆకుపచ్చ జాకెట్టు, మూడుపేటల పూసల హారం, నడుముకి ఒడ్డాణం, చేతిలో ఎర్ర మఖమలు గుడ్డతో కుట్టిన కుంకుమ భరిణె. చీర మామ్మ కుట్టింది. మిగతా నగలన్నీ అత్తయ్య ఏటా ఒకటి చొప్పున చేర్చింది. మొహం మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. గులాబీరంగు బుగ్గలు, సన్నటి పెదవులు, నవ్వుతోందో లేదో తేల్చుకోలేని చూపు. మా ఊళ్ళో అంత తెల్లటి మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు. ఒకసారి అత్తయ్యని అడిగితే, యానాంలో దొర స్టూడియోలో తీయించుకుందని, అక్కడి దీపాలకి అందరూ అలాగే వస్తారని, వేసుకోవడానికి బట్టలు కూడా స్టూడియో వాళ్ళే ఇస్తారని చెప్పింది. దొరల బట్టలేసుకుని ఫోటో దిగిందని మామ్మ సిగ్గుపడి చీర కుట్టేసిందట. నాకు అందులో అనుమానించడానికేమీ కనిపించలేదు. అత్తయ్యకి ముప్పై అయిదేళ్ళు, ఇద్దరు పిల్లల తల్లి, ఆవిడకీ కనిపించలేదు.

మాఘమాసంలో రథసప్తమి వెళ్ళాక వచ్చే శుక్రవారం మా ఇంట్లో పేరంటాలికి చీర పెట్టే రోజు. తెల్లవారేసరికి పనసాకులతో బుట్టలు కుట్టి, పిండి పోసి, పొట్టిక్కలు ఆవిరికి పెట్టేవారు. ఆ ఆకు ఉడికే వాసన, బూరెలు వేగే నేతి వాసన, కొత్త బెల్లంతో పరమాన్నం, పెరట్లో కోసిన గుమ్మడికాయ పులుసు, ముక్కులన్నీ పొయ్యి వైపే ఉండేవి. వీధి చివరి ఇంటికే కోడలుగా వెళ్ళిన అత్తయ్య ఆ రోజు తలంటుకుని, తడి జుట్టు ముడేసుకుని, చిన్న తగరపు డబ్బాలో జరీ, పూసలు, సూదులు తీసుకుని వచ్చేది. తాతయ్య పటం బోర్లాపెట్టి వెనక మేకులు ఒక్కొక్కటీ పట్టకారుతో లాగేవాడు. అత్తయ్య కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒక గంట కుట్టుకునేది. ఆ గంటసేపు ఇంట్లో ఎవరమూ గట్టిగా మాట్లాడకూడదు. తర్వాత మళ్ళీ అద్దం వేసి, మేకులు కొట్టి, గోడకి తగిలించి, బొట్టు పెట్టి, అప్పుడు భోజనాలు. సెలవు దొరుకుతుందని, బూరెలుంటాయని నాకు ఆ రోజంటే ఇష్టం. తల్లి మొహం ఎన్నడూ చూడని మనిషికి ఆ గంట ఏమిటో నాకేం తెలుసు.

నాకు పదేళ్ళు నిండిన ఎండాకాలంలో నాన్న నన్ను గోదావరి దాటించి, కపిలేశ్వరపురం అవతల ఒక పల్లెకి తీసుకెళ్ళాడు. మాకు దూరపు చుట్టం వెంకాయమ్మ గారి ఇల్లు. లంక భూములున్న పెద్ద కాపరం. కొబ్బరి మొక్కల బేరానికి నాన్న దొడ్డి వైపు వెళ్తే, నన్ను హాల్లో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. తలెత్తి చూస్తే ఎదురుగా గోడ మీద మా పేరంటాలు ఉంది. చీర లేదు. జాకెట్టు లేదు, భుజాలు రెండూ బోసిగా ఉన్నాయి. ఒడ్డాణం ఉండాల్సిన చోట నీలం గౌను బిగించి ఉంది. చేతిలో భరిణె లేదు, పొడుగు కాడ ఉన్న గాజు గ్లాసు, అందులో ఎర్రటి సారా లాంటిది ఏదో ఉంది. ఎవరో మా పేరంటాలు బట్టలూ నగలూ దోచుకున్నారన్నదే నాకు మొదట వచ్చిన ఆలోచన. మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "ఈవిడ మీకేమవుతారండి?" అని అడిగాను.

వెంకాయమ్మ గారు పడీ పడీ నవ్వింది. "నాకేమవుద్దే, దొరసాని! మా మావగారు యానాంలో దొర సామాను వేలం వేస్తే కొన్నారు. అచ్చు బొమ్మమ్మా, ఫోటో కాదు. ఇలాంటివి వేలకి వేలు కొట్టి అమ్ముతారు, ఆ దేశంలో పతీ గోడకీ ఉంటాయంట."

ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదని నాకు ఎవరూ చెప్పలేదు, నాకే తెలిసింది. ఆ తర్వాత మా గోడ మీది పటం చూడాలంటే భయం వేసేది; చీర కింద గౌను, భరిణె కింద గ్లాసు నాకు కనిపిస్తూనే ఉండేవి. అత్తయ్య వచ్చి పటం ఎదురుగా నిలబడితే నేను ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి పారిపోయేదాన్ని.

కార్తీకమాసంలో వెంకాయమ్మ గారి దగ్గర్నుంచి కబురొచ్చింది. పదహారు ఫలాల నోముకి ఉద్యాపన చేసుకుంటున్నారు, రాజ్యం తప్పకుండా పేరంటానికి రావాలి. వెళ్ళొద్దని అత్తయ్యకి చెప్పడానికి కారణాలు వెతికాను. పడవ మునిగిపోతుందన్నాను. నాకు కడుపునొప్పి అన్నాను. నువ్వు ఇంట్లో ఉండవే, నేను వెళ్ళొస్తానంది. దాంతో కడుపునొప్పి మానేసి నేనూ వస్తానని పేచీ పెట్టి బయల్దేరాను.

వరద తీసి గోదావరి నెమ్మదించిన రోజులు. పడవ దిగి ఇసక తిప్ప మీద చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాం. పొద్దుటి ఎండకి ఇసక పైన వెచ్చగా, మడమ దిగితే చల్లగా ఉండేది. లంకలో అప్పుడే పొగాకు నారు నాటుతున్నారు. అత్తయ్య గుమ్మడిపండు రంగు చీర కట్టుకుంది, తల నిండా కనకాంబరాలు పెట్టుకుంది, పేరంటానికి వెళ్ళడమంటే ఆవిడకి చెప్పలేనంత సరదా. నేను ముందు పరుగెత్తాను. హాల్లో అప్పటికే ఇరవై మంది ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని ఉన్నారు. అదృష్టం కొద్దీ అందరి వీపులూ పటం వైపే ఉన్నాయి. అత్తయ్య కూడా వచ్చి అలాగే కూర్చుంటే సరిపోయేది, కాళ్ళకి పసుపు రాయించుకుని, వాయనం పుచ్చుకుని, వీపు తిప్పకుండా వచ్చేసేది. ఆ సంగతి ఇన్నేళ్ళలో నాకు ఎన్నిసార్లు గుర్తొచ్చిందో లెక్కలేదు. నేను అక్కడున్న ముక్కాలిపీట లాగి, పటం కింద వేసి, ఎక్కి, దండెం మీది తడి తువ్వాలు తీసి పటానికి కప్పాను.

"ఏయ్ పిల్లా! పటం మీద తువ్వాలు ఆరేస్తావేంటే?" అని వెంకాయమ్మ గారు కేకేసింది. ఇరవై తలలూ ఇటు తిరిగాయి. గుమ్మంలో చెప్పులు విడుస్తున్న అత్తయ్య తల కూడా తిరిగింది. ఎవరో నవ్వుతూ వచ్చి తువ్వాలు లాగేశారు.

అత్తయ్య అలాగే నిలబడింది. ఎంతసేపో నాకు తెలియదు. కాళ్ళకి పసుపు రాయడానికి వచ్చినావిడ గిన్నె పట్టుకుని ముందు కూర్చుని, "కాలు ఇలా పెట్టండి" అని రెండుసార్లు అడిగే అంతసేపు. తర్వాత కాలు ముందుకి పెట్టింది. 

"ఈ పటం ఎక్కడిదండి అక్కయ్యగారూ?" అంది మామూలు గొంతుతో.

"యానాం వేలంలోదమ్మా. మా మావగారు కొన్నారు. ఇలాంటిదే ఇంకోటి కూడా ఉందంట ఆ రోజు, అది ఎవరు పట్టుకెళ్ళేరో."

"ఆయ్," అంది అత్తయ్య.

అంతే అంది. వాయనం పుచ్చుకుంది. శనగలు కొంగులో కట్టుకుంది. విస్తరి ముందు కూర్చుని, పక్కావిడకి పులిహోర బాగుందని చెప్పింది. పీట ఎక్కి తువ్వాలు వేసినందుకు నన్ను ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

పడవ ఏటి మధ్యకి వచ్చాక అత్తయ్య అడిగింది. "నీకు ముందే తెలుసా?"

"ఊఁ."

"ఎప్పట్నించి?"

"ఎండాకాలం సెలవుల్నించి."

"మరి చెప్పేవు కాదేమే?"

"చెప్తే నువ్వు ఏడుస్తావని."

"ఇప్పుడు ఏడుస్తున్నానా?" అంది. ఏడవడం లేదు. అందుకే నాకు భయం ఎక్కువైంది. పడవ అంచు మీంచి చెయ్యి నీళ్ళలో పెట్టుకుని, రేవు వచ్చేదాకా అలాగే కూర్చుంది.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. తాతయ్య పడక్కుర్చీలో కూర్చుని అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తున్నాడు. అత్తయ్య తన ఇంటికి వెళ్ళకుండా, తిన్నగా వచ్చి ఆయన ఎదురుగా గడప మీద కూర్చుంది. నేను స్తంభం పక్కన నిలబడ్డాను.

"నాన్నా, అమ్మ ఎలా ఉండేది?"

"అదేం ప్రశ్నే? పటం ఉంది కదా."

"ఆ పటం వెంకాయమ్మక్క గారింట్లో కూడా ఉంది నాన్నా. పటం సంగతి కాదు. అమ్మ ఎలా ఉండేది?"

తాతయ్య అడకత్తెర కింద పెట్టాడు. పైపంచెతో చేతులు తుడుచుకున్నాడు. "కొబ్బరికాయలేసుకుని యానాం వెళ్ళేను," అన్నాడు. "దొర సామాను వేలం వేస్తున్నారు. ఆ బొమ్మ అలా తిరిగి చూస్తోంది. మీ అమ్మ రేవుకి వెళ్తూ వెళ్తూ అలాగే తిరిగి చూసేది. కాళ్ళు కదల్లేదు నాకు. తెచ్చి నీకు చూపించేను. 'మీ అమ్మలా ఉంది కదమ్మా' అన్నాను. నువ్వు 'అమ్మ' అన్నావు. నాలుగేళ్ళ పిల్లవి. దిద్దడానికి నాకు నోరు రాలేదు."

"సరే నాన్నా. ఇప్పుడు చెప్పు. మొహం ఎలా ఉండేది? ముక్కు నాలాగ ఉండేదా? కళ్ళు?"

తాతయ్య అత్తయ్య మొహంలోకి చూశాడు, వెతుకుతున్నట్టు చూశాడు. "ఏమోనమ్మా. ఇన్నేళ్ళు రోజూ చూసి చూసి, కళ్ళు మూసుకుంటే నాకూ ఆ దొరసానే అవుపిస్తోంది. మీ అమ్మ మొహం నాకు గుర్తు రావట్లేదు."

ఆయన ఏడవలేదు. అత్తయ్య ఏడవలేదు. మామ్మ లోపలి గుమ్మంలో దీపం పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ సీతారత్నం గారిని అసలు చూడనేలేదు. ఏడ్చింది నేను. ఎందుకేడుస్తున్నావని కూడా ఎవరూ అడగలేదు. "లా" అనే ఒక్క అక్షరం మింగేసి ముప్పై ఏళ్ళు హాయిగా గడిపిన ఇల్లు అది, నేను తువ్వాలు వేసి దాన్ని బయటికి లాగాను.

ఆ మాఘమాసంలో అత్తయ్య వస్తుందో రాదో మాకు తెలియదు. మామ్మ మాత్రం ఎప్పటిలాగే పనసాకులు కోయించి, బూరెల పిండి కలిపింది. పొద్దున్నే తాతయ్య పట్టకారు దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు, మేకులు తీయలేదు. ఎనిమిది గంటలకి అత్తయ్య తడి జుట్టు ముడేసుకుని, తగరపు డబ్బాతో వచ్చింది. "పటానికి జరీ తెచ్చేను పిన్నీ," అంది. అంతకుముందు ఏడు దాకా "అమ్మకి జరీ" అనేది. ఒక గంట కుట్టింది, బొమ్మ మొహం వైపు చూడకుండా కుట్టింది. ఆ తర్వాత కూడా ఏటా వచ్చింది, కుట్టింది. ఈ కథ విన్నవాళ్ళు కొందరు, అయితే ఆ పైన మీ మామ్మని అమ్మా అని పిలిచి ఉంటుందే అంటారు. అలాంటిదేమీ జరగలేదు. పిన్ని పిన్నిగానే పోయింది, తలకొరివి పెట్టడానికి మా నాన్న కుండ పట్టుకుంటే, అత్తయ్య ఆయన పక్కనే నిలబడి, "పిన్నీ" అనే ఏడ్చింది.

ఇప్పుడు ఆ మండువా లోగిలి లేదు, రెండు వాటాల డాబా వచ్చింది. చెమర్చే గోడలు లేవు, అగ్గిపెట్టె వెచ్చబెట్టే పొయ్యి లేదు. పొట్టిక్కలు హోటల్లో దొరుకుతున్నాయి. పేరంటాలికి చీర పెట్టడం నాన్నతో ఆగిపోయింది. మా తమ్ముడి కోడలికి ఆ మాట చెబితే, పేరంటానికి ఎవర్ని పిలవాలి అని అడిగింది. వెంకాయమ్మ గారి ఇల్లు పడగొట్టిన ఏడు నేను వెళ్ళి ఆ రెండో పటాన్ని అడిగి తెచ్చుకున్నాను. నా సేకరణలో మొదటిది అదే. మా హాల్లో, వెలుగు నేరుగా పడని గోడకి, అట్ట చట్రంలో ఉంది. అంచు కూడా కత్తిరించలేదు. వచ్చినవాళ్ళు చాలామంది అడిగారు, సోఫాకి నప్పుతుందని. ఎవరికీ ఇవ్వలేదు.

పోయిన మాఘంలో అత్తయ్య ఫోన్ చేసింది. ఎనభై దాటాయి, తాటిపాకలో గ్యాస్ కంపెనీలో పనిచేసే కొడుకు దగ్గర ఉంటుంది. "బుజ్జీ, పటం అద్దం పగిలిందే. నువ్వు ఇవే పనులు చేస్తావు కదా, ఒకసారి వచ్చి చూడవే," అంది. తాతయ్య పోయాక పటం ఆవిడే పట్టుకెళ్ళింది. ఇరవై ఏళ్ళుగా పడమటి కిటికీకి ఎదురుగా ఉందని వెళ్ళాక చూశాను. ఊరందరికీ చెప్పే జాగ్రత్త మా అత్తయ్యకి చెప్పలేదు.

మంచం మీద పటం బోర్లాపెట్టి, మేకులు లాగి, అట్ట తీశాను. జరీ నల్లబడి, ముట్టుకుంటే పొడి రాలుతోంది. ఒకచోట కుట్టు ఊడి, చీర కింద కాగితం బయటపడింది. ఆ గౌను నీలం నిన్న అచ్చువేసినంత నిగనిగలాడుతోంది, దగ్గర దగ్గర ఎనభై ఏళ్ళుగా గుడ్డ కింద ఎండ తగలకుండా ఉంది కదా. ఎవరూ ఏమీ కుట్టని మొహానికి మాత్రం ఆ కాపు లేదు. గులాబీరంగులు అన్నిటికన్నా ముందు పోతాయి. బుగ్గలు, పెదవులు, కళ్ళు, అన్నీ వెలిసిపోయి, జుట్టుకీ హారానికీ మధ్య తెల్లటి కాగితం మిగిలింది. 

నేను ఈ పని తెలిసినదాన్ని కనక తెలిసిన మాటే చెప్పాను. "అత్తయ్యా, హైదరాబాదులో ఒకాయన ఉన్నారు. నా దగ్గరున్న పటం చూసి, మొహం మళ్ళీ అచ్చం అలాగే దిద్దేస్తారు. తేడా తెలీదు."

అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని కాగితాన్ని దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"వద్దులేవే," అంది. "ఆవిడ తప్పేముంది పాపం, ఉన్నన్నాళ్ళు ఉంది. మా అమ్మ మొహం ఎవరికీ తెలీదు కదా, ఇలాగే ఉండనీ. అద్దం వేసెయ్."

కొత్త అద్దం వేసి, మేకులు కొట్టి, గోడకి ఆనించి నిలబెట్టాను. అత్తయ్య కుంకుమ తెచ్చుకుని పటం ముందు చతికిలబడింది. వేలు అద్దం దాకా వెళ్ళి, బొట్టు ఎక్కడ పెట్టాలో తెలియక ఆగింది. కొంచెం ముందుకి జరిగింది, కొంచెం పక్కకి వంగింది. ఆ తెల్లటి చోట కొత్త అద్దంలో తన మొహమే కనబడుతుంటే, ఆ నుదుటి మీద పెట్టింది.